సత్తెమ్మ పళ్ళ అచ్చు

చిట్కుల్‌లో ఆగమ్మ నడకకు పేరుండేది. ఊరి నుంచి పటాన్‌చెరులో బస్సులు ఆగే చోటికి రెండు కోసుల దూరం. మిగతా ఆడవాళ్ళు నడుమ రెండు చోట్ల కూలబడి, ఆకూ వక్కా నమిలి, ఊళ్ళో వాళ్ళ మంచీ చెడ్డా మాట్లాడుకుని గాని చేరేవాళ్ళు కాదు. ఆగమ్మ ఒక్క ఊపున పోయేది. ఆమెతో కలిసి బయల్దేరినవాళ్ళు వెనకబడి తిట్టుకునేవాళ్ళు. తిట్టు వినబడినా ఆమె తిరిగి చూసేది కాదు.

పుట్టిల్లు ఇంద్రేశం. పన్నెండో ఏట పెళ్ళి, పదిహేనో ఏట కాపురం, పందొమ్మిదో ఏట సత్తెమ్మ. ఆ తర్వాత కడుపు పండలేదు. ఎందుకు పండలేదని అత్త ముత్యమ్మ ఆ చుట్టుపక్కల దేవతలందరినీ అడిగింది గాని, కోడలిని ఒక్క మాట అనలేదు. అటువంటి అత్తలుంటారంటే నమ్మరు. కాని ఉంటారు.

భర్త నర్సింహులు నెమ్మదస్తుడు. అరవైల్లో ఆ దిక్కున కార్ఖానాలు లేవడం మొదలయ్యాక వాళ్ళ ఎకరన్నర చెలక పోయింది, అందుకు బదులు ఒక పెద్ద కార్ఖానాలో బరువులెత్తే ఖలాసీ కొలువు వచ్చింది. కొలువుతో పాటు నీలం అట్ట వేసిన మెడికల్ బుక్కు ఒకటి ఇచ్చారు. అందులో భార్య పేరు, బిడ్డ పేరు రాసి ఉంటాయి. ఆ బుక్కు చూపిస్తే మందులు ఊరికే ఇస్తారని తెలిశాక ముత్యమ్మ తన పేరు కూడా ఎక్కించమని నెల రోజులు కొడుకును పీడించింది.

భర్త కొలువులో చేరకముందు ఆగమ్మ ఆ కార్ఖానా పునాదుల దగ్గరే మట్టి మోసింది. సత్తెమ్మ అప్పుడు చంటిపిల్ల. చెట్టుకు చీర కట్టి అందులో పడుకోబెట్టి, రోజంతా తట్టలు మోసి, ఎప్పుడో ఒకసారి వచ్చి పాలిచ్చేది. మిగతా సమయమంతా ఆ పిల్లకు తోడు తన కుడిచేతి బొటనవేలే. ఆ తోడును తొమ్మిదేళ్ళు వచ్చేదాకా వదల్లేదు. వేపాకు పసరు పూశారు, మిరపకాయ రాశారు, గుడ్డ కట్టారు. గుడ్డతో సహా చీకేది.

పాలపళ్ళు పోయి అసలు పళ్ళు వచ్చేసరికి సంగతి బయటపడింది. పైపళ్ళు ముందుకొచ్చాయి. అంతకంటే చిత్రం, వెనక దవడలు కలిసినా ముందు పళ్ళు కలవవు. పైవరుసకూ కిందివరుసకూ మధ్య కిటికీ తీసినట్టు సందు. నోట్లో వేలు పెట్టినా కొరకలేదని అమాయకులను అంటూ ఉంటాం. సత్తెమ్మ విషయంలో అది అక్షరాలా నిజం. జొన్నరొట్టె ముందు పళ్ళతో తెగదు, పక్కకు తిప్పి దవడతో పీకాలి. 'స' అనబోతే నాలుక సందులోంచి బయటికొచ్చేది. తన పేరు తను చెప్పుకోవడమే ఆ పిల్లకు కష్టం. బడిలో పిల్లలు 'దర్వాజ' అని పేరు పెట్టారు. పిల్లలకు దయ ఉంటుందని ఎవరన్నారో గాని వాళ్ళు ఏ బడికీ పోయి ఉండరు.

ఆగమ్మకు మాత్రం అది చూసినప్పుడల్లా చెట్టుకు కట్టిన చీర గుర్తొచ్చేది. తను దగ్గర లేనందుకే బిడ్డ నోరు అలా అయిందని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఒక్కోసారి కోపంగా బయటికొచ్చేది. "నోరు మూస్కో, పది మంది చూస్తున్నరు" అనేది. సత్తెమ్మ పెదవులు బలవంతంగా లాగి మూసుకునేది. కాసేపటికి అవి మళ్ళీ తెరుచుకునేవి.

కార్ఖానా దవాఖానాకు వారానికొకసారి పళ్ళ డాక్టరు వచ్చేవాడు. డెబ్బై ఒకటిలో ఆయన సత్తెమ్మను చూసి, ఇది తన చేతిలో పని కాదని, పట్నంలో పెద్ద పళ్ళ ఆసుపత్రిలో వంకర పళ్ళను సరిచేసే విభాగం ఉందని చీటీ రాసిచ్చాడు. వంకర పళ్ళకు కూడా వైద్యం ఉంటుందని చిట్కుల్‌లో అదే మొదటిసారి వినడం. "దేవుడిచ్చిన పండ్లను జరుపుతరా? గట్లయితే నా నడుము గూడ జెర జరుపుమను" అంది ముత్యమ్మ.

పట్నంలో సత్తెమ్మను చూసిన డాక్టరమ్మ పేరు హైమావతి. గోదావరి వైపు పిల్ల, పెళ్ళి కాలేదు, పై చదువు చదువుతోంది. పరీక్షకు తను మొదట్నుంచి చివరిదాకా వైద్యం చేసిన రోగిని చూపించాలి. అలాంటి నోటి కోసమే వెతుకుతున్నదేమో, సత్తెమ్మ నోరు తెరవగానే ఆమె మొహం వెలిగిపోయింది. ఆ నోటిని చూసి సంతోషించిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు. సత్తెమ్మ మొదటిరోజే ఆమె మనిషైపోయింది.

ముందు అచ్చు తీశారు. గులాబీరంగు ముద్దను ఇనుప పళ్ళెంలో వేసి నోట్లో అదిమిపెడితే సత్తెమ్మ డాక్టరమ్మ చేతుల మీదే కక్కింది. హైమావతి కడుక్కుని వచ్చి మళ్ళీ అదిమింది. ముద్ద మీద పడిన అచ్చులో సున్నంలాంటి తెల్లని పిండిని నీళ్ళతో కలిపి పోస్తే గట్టిపడి పళ్ళ బొమ్మ వచ్చింది. పై దవడ ఒకటి, కింది దవడ ఒకటి. దాన్ని అరగదీసి, సబ్బునీళ్ళలో నానబెట్టి, గుడ్డతో రుద్ది మెరిపించి, అడుగున పెన్సిల్‌తో పేరూ నంబరూ తారీఖూ రాసింది. ఆ బొమ్మ మీదే తీగలు వంచి క్లిప్పు చేసింది. పైపళ్ళకు ముందు ఒక తీగ, వెనక నాలుక తోసుకు రాకుండా చిన్న తీగల దడి. తినేటప్పుడు తీసి, కడిగి, మళ్ళీ పెట్టుకోవాలి. ప్రతి నెలా మూడో గురువారం వస్తే తీగ బిగిస్తుంది.

రెండేళ్ళు ఆ గురువారాలు తప్పలేదు. ఆగమ్మ కూలి మానుకుని పిల్లను తీసుకుపోయేది. తీగ బిగించిన రోజు సత్తెమ్మ మెత్తటి జొన్న గటక తప్ప ఏమీ తినలేక మూలిగేది. కాని నెలనెలకూ కిటికీ మూసుకుంటూ వచ్చింది. డెబ్బై మూడు ఎండాకాలంలో ఒకరోజు సత్తెమ్మ జామకాయ పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి, "అవ్వా, సూడు" అని తల్లి ఎదుట ముందు పళ్ళతో కొరికింది. పూర్తిగా తెగలేదు, చివర్న కొంచెం పీకాల్సి వచ్చింది. అయినా కాయ మీద పైపళ్ళ గాట్లూ కిందిపళ్ళ గాట్లూ స్పష్టంగా పడ్డాయి. ఆగమ్మ ఆ కాయను చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. పదమూడేళ్ళలో ఆమె అంత సంతోషపడింది లేదు.

ఆ శ్రావణంలో సత్తెమ్మకు జ్వరం తగిలింది. నాలుగో రోజుకు మనుషులను గుర్తుపట్టడం మానేసింది. మెదడుకు ఎక్కిందన్నారు. ఎనిమిదో రోజు పొద్దున పోయింది.

ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ఆగమ్మ కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టారు, పోయిన పిల్ల పేరున కాకులకు వేసే అన్నం. ఆ ఊళ్ళో పోయినవాళ్ళ వస్తువులు మూడో రోజు దాటి ఇంట్లో ఉండవు. బట్టలు చాకలికి పోతాయి, పడుకున్న బొంత కాలుతుంది, తిన్న కంచం ఊరి బయట పారేస్తారు. ఉంచుకుంటే పోయినవాళ్ళు వాటిని పట్టుకుని వేలాడతారని, ముందుకు పోలేరని వాళ్ళ భయం. అందులో దుర్మార్గం ఏమీ లేదు. ముత్యమ్మ ఏడుస్తూనే అన్నీ సర్దింది. రెండు పావడాలు, జాకెట్లు, పలక, రిబ్బన్లు. కడిగి గ్లాసులో వేసి ఉంచిన క్లిప్పును ఏం చేయాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి దాన్ని కూడా కంచంలో పెట్టి తీసుకుపోయింది. ఆగమ్మ గడప మీద కూర్చుని చూస్తూ ఉంది. ఆపాలన్న ఆలోచన రాలేదు. ఏ ఆలోచనా రాలేదు.

ఒక ఫొటో ఉంది. మెడికల్ బుక్కు కోసం పటాన్‌చెరు స్టూడియోలో ముగ్గురూ దిగింది. అందులో తల్లి మాట విని సత్తెమ్మ నోరు బిగించి మూసుకుంది. పెదవులు సాగి, గడ్డం ముడతలు పడి, అది ఎవరో వేరే పిల్లలాగా ఉంది. దాన్ని ముత్యమ్మ వదిలేసినా ఆగమ్మకు అందులో చూసుకోవడానికి బిడ్డ కనబడలేదు.

నాలుగో రోజు నుంచి ఆగమ్మ నాట్లకు పోయింది. ఎవరైనా పలకరిస్తే పలికింది. అన్నం పెడితే తిన్నది, రుచి తెలియలేదు. ముల్లు గుచ్చుకుంటే రక్తం చూసి గుచ్చుకుందని తెలుసుకుంది. కంట నీరు లేదని ఊరివాళ్ళు గుసగుసలాడారు. కొందరు రాతి గుండె అన్నారు, కొందరు గాలి సోకిందన్నారు. పరాయివాళ్ళ దుఃఖాన్ని తూకం వేయడానికి మనకు ఎక్కడలేని తీరిక దొరుకుతుంది.

ఇంతలో మూడో గురువారం వచ్చింది. ఆగమ్మ పొద్దున్నే లేచి, స్నానం చేసి, బుక్కు కొంగున చుట్టుకుని బస్సెక్కింది. ఎందుకు పోతున్నదో ఆమెకే సరిగ్గా తెలియదు. తారీఖు రాసి ఉంది, పోయింది. డాక్టరమ్మ కనిపెట్టుకుని ఉంటుంది, చెప్పి రావాలి అని కూడా దారిలో అనుకుంది.

వరుసలో కూర్చుంది. పేరు పిలిచారు. హైమావతి తలెత్తి, "ఏదీ సత్తెమ్మ?" అంది.

"రాలేదమ్మా. జరమొచ్చింది."

చెప్పాల్సింది అది కాదు. అలాగని అబద్ధమూ కాదు, జ్వరం వచ్చిన మాట నిజమే. ఆ తర్వాతి మాట ఒకటి ఉంది, అది గొంతు దాటలేదు.

"అయ్యో, తగ్గాక తీసుకురా మరి. క్లిప్పు మాత్రం తీయనివ్వకు. ఇంకెంతో లేదు, చూడు" అంటూ హైమావతి అల్మారా తెరిచి, రెండు జతల బొమ్మలు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇది మొదటిరోజు తీసింది. ఇది పోయిన నెల తీసింది. ఎంత మారిందో నీకే తెలుస్తుంది."

ఆగమ్మ చూసింది. మొదటి జతలో సందు అలాగే ఉంది. పైన కుడివైపు పన్ను అంచున చిన్న పెచ్చు లేచిన గుర్తు, ఏడో ఏట గడప మీద పడ్డప్పటిది. తిప్పి చూస్తే లోపల అంగిలి మీద సన్నని ముడతలు. బిడ్డ నోటి లోపల ఇలా ఉండేదని తల్లికి కూడా తెలియదు. ఆమె వేళ్ళతో ఆ ముడతలు తడిమింది.

అప్పుడే ఆమెకు భయం పట్టుకుంది. ఈ డాక్టరమ్మకు నిజం చెబితే ఏమవుతుంది? వీళ్ళు కూడా మనుషులే, వీళ్ళకు కూడా మూడో రోజు ఉంటుంది. పోయినపిల్ల వస్తువును ఏ ఇంట్లోనూ ఉంచరు, ఆసుపత్రిలో మాత్రం ఎందుకుంచుతారు? పేరు కొట్టేసి పారేస్తారు. ఇది తప్పు లెక్క అని ఆమెకు చెప్పగలిగేది డాక్టరమ్మ ఒక్కతే, ఆమెనే అడగకూడదు.

"వచ్చే నెల తీస్కస్తనమ్మా" అంది ఆగమ్మ.

అలా మొదలైంది. భాద్రపదం నెల గురువారం, "మేనమామ వచ్చి ఇంద్రేశం తోల్కపోయిండు" అని చెప్పింది. తర్వాతి నెల, బతుకమ్మ పండుగకు ఇంకా రాలేదంది. ఆ తర్వాత కాలు బెణికిందంది. చెప్పి, "జెర ఆ బొమ్మలు సూపియ్యమ్మా" అనేది. చదువురాని తల్లికి వైద్యం మీద ఇంత శ్రద్ధ ఉండటం చూసి హైమావతికి ముచ్చటేసేది. బొమ్మలు ఆమె ముందు పెట్టి తన పని చూసుకునేది. ఆగమ్మ పావుగంట వాటిని పట్టుకుని కూర్చుని, తిరిగి ఇచ్చేసి, బస్సెక్కేది. ఇంట్లో కూలికి పోయానని చెప్పేది. ఎవరూ అడగలేదు, చెప్పేది.

దీన్ని మోసం అనేవాళ్ళు ఉంటారు. అనండి. ఆమెకు నెలలో బతికున్నట్టుండేది ఆ పావుగంటే.

పుష్యమాసంలో ఆమెకు సాకులు అయిపోయాయి. "వయసుకొచ్చిందమ్మా. ఇగ బయటికి పంపియ్యం కొన్నొద్దులు" అంది. నోటి నుంచి వచ్చాక గాని ఏమన్నదో తెలియలేదు. మట్టిలో ఉన్న పిల్లను పెద్దమనిషిని చేసింది.

హైమావతి నవ్వి, "అరె, పెద్దదైపోయిందా మన సత్తెమ్మ!" అని లేచి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చేతిలో కాగితం పొట్లం. లోపల ఆకుపచ్చ గాజులు డజను. ఆసుపత్రి ఎదురుగా కొన్నట్టుంది. "నేనిచ్చానని చెప్పి తొడుగు. పాపం, ఆ తీగలతో ఎంత ఓర్చుకుందో."

ఆగమ్మ తీసుకుంది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పటాన్‌చెరు వచ్చింది, దిగింది. పొట్లం సీటు మీదే ఉంది. కండక్టరు వెనక నుంచి పిలిచినా వినబడనట్టు చిట్కుల్ దారి పట్టింది. ఆరోజు ఆమె నడవలేకపోయింది. మూడు చోట్ల కూర్చుంది. సిగ్గనిపించింది, డాక్టరమ్మ మంచితనాన్ని తింటున్నానని అనిపించింది. ఇక పోకూడదనుకుంది. కాని మాఘమాసం గురువారం మళ్ళీ పోయింది.

ఈసారి హైమావతి మొహంలో నవ్వు లేదు. "ఆగమ్మా, ఏప్రిల్‌లో నా పరీక్ష. బయటి నుంచి పెద్ద డాక్టర్లు వస్తారు. సత్తెమ్మను వాళ్ళ ముందు కూర్చోబెట్టాలి. పిల్ల రాకపోతే నాకు ఏడాది పోతుంది. నీకు అర్థమవుతోందా?"

"అయితుందమ్మా."

"పెళ్ళేమైనా చేసేశారా? నిజం చెప్పు."

"లేదమ్మా."

"అయితే తీసుకొస్తావు కదూ?"

ఆగమ్మ తల ఊపింది. బొమ్మలు చూపించమని ఆరోజు అడగలేకపోయింది.

ఫాల్గుణంలో ఆమె పోలేదు. అందుకని హైమావతే వచ్చింది. మార్చి ఎండలో పటాన్‌చెరులో బస్సు దిగి, గొడుగు వేసుకుని, దారి అడుక్కుంటూ చిట్కుల్‌కు నడిచొచ్చింది. భుజాన సంచిలో బొమ్మలు. ఇంటివాళ్ళు మొండికేస్తే వాటిని చూపించి ఒప్పిద్దామని తెచ్చుకుంది. గొడుగు పట్టుకుని చెప్పులతో ఒంటరిగా వచ్చిన పట్నపు చీరకట్టు పిల్లను చూసి ఊరు ఊరంతా వెనక నడిచింది.

ముత్యమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. "సత్తెమ్మ ఇల్లు ఇదేనా?" అని హైమావతి అడిగితే చాట కింద పెట్టింది.

"ఏ సత్తెమ్మ?"

"నర్సింహులు గారి అమ్మాయి. నేను పళ్ళ డాక్టర్ని. పిల్లను పంపడం మానేశారు. ఒకసారి పిలుస్తారా?"

ముసలామె ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "యాడికెల్లి పిలువాల్నమ్మా? మా సత్తెమ్మ పోయి ఏడు నెలలాయె."

హైమావతి మొదట పోవడం అంటే అత్తవారింటికి పోవడమనుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూశాక అర్థమైంది. గొడుగు మూయడం కూడా మరిచిపోయి అరుగు మీద కూలబడింది.

ఎవరో పరుగెత్తి కబురు చెప్పారు. ఆగమ్మ కలుపు తీస్తున్న చేను నుంచి వచ్చింది. అదే సమయానికి నర్సింహులు మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చాడు. వాకిట్లో అందరూ ఉన్నారు.

"నీ చేతికి గాజులిచ్చానే" అంది హైమావతి. అది కోపమో ఏడుపో ఆమెకే తెలిసినట్టు లేదు. "కాలు బెణికిందన్నావు. పెద్దదైందన్నావు. ఆర్నెల్లు నా ఎదురుగా కూర్చుని చెప్పావు. ఎందుకు ఆగమ్మా?"

ఆగమ్మ కొడవలి కింద పెట్టింది. "చెప్తే బొమ్మలు పారేస్తరనుకున్న" అంది.

"ఎవరు?"

"మీరే. మాకాడ అన్నీ పారేసిన్రు. ఏం ఉంచలే. మీకాడనన్న ఉంటయని చెప్పలే."

హైమావతి గొడుగు మూసి పక్కన పెట్టింది. మెల్లగా, "మా దగ్గర అలా పారేయరు" అంది. "ఎవరైనా రావడం మానేస్తే, ఆర్నెల్లు చూసి, చోటు లేదని అప్పుడు తీసేస్తారు. నీ బిడ్డ నంబరు ఆ లిస్టులోకెక్కింది. వస్తుంది, వస్తుంది అని నేనే మా పెద్దాయనకు చెప్పి ఆపుతూ వచ్చాను." ఆమె ఆగి, పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "మొదటిరోజే చెప్పి ఉంటే ఆరోజే కేసు మూయించి నీ చేతిలో పెట్టి పంపేదాన్ని."

అంతదాకా పక్కన నిలబడి ఉన్న నర్సింహులు అప్పుడు నోరు తెరిచాడు. డాక్టరమ్మతో కాదు, భార్యతో. "నెలనెల పోయినవా?"

ఆగమ్మ తల వంచుకుంది.

"నాకెందుకు చెప్పలే? నేను గూడ వస్తుంటి గద. నేను గూడ చూస్తుంటి గద."

అతడు ఆ మాట మెల్లగానే అన్నాడు. ఏడు నెలల్లో ఆ ఇంట్లో ఎవరూ అంత గట్టి మాట అనలేదు. తనకు తప్ప ఇంకెవరికీ బిడ్డ పోలేదన్నట్టు బతికానని ఆగమ్మకు అప్పుడు తెలిసింది.

హైమావతి సంచి విప్పి బొమ్మలు అరుగు మీద పెట్టింది. నర్సింహులు దగ్గరికొచ్చి వంగి చూశాడు, ముట్టుకోలేదు. ముత్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంట్లకు తేవద్దు బిడ్డా. దానికి దారి దొరకది" అంది.

"తేనియ్యి అవ్వా" అన్నాడు కొడుకు. "నా బిడ్డ నా ఇంట్లుంటది." ముత్యమ్మ మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది.

కాని ఆరోజే ఇచ్చేయడానికి వీల్లేదంది హైమావతి. అవి ఆసుపత్రి రిజిస్టర్‌లో ఉన్నవి. కేసు మూసేస్తేనే బయటికి ఇస్తారు. మూయాలంటే తల్లో తండ్రో వచ్చి గుమాస్తా దగ్గర కారణం చెప్పి రాయించాలి. తను చెబితే చెల్లదు. ముత్యమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, బొమ్మలను మళ్ళీ సంచిలో పెట్టుకుని, ఆమె ఎండలో వెళ్ళిపోయింది. పరీక్ష సంగతి ఎత్తలేదు. ఆ ఏడు ఆమె పరీక్షకు కూర్చోలేదని తర్వాత తెలిసింది.

ఏప్రిల్ మూడో గురువారం భార్యాభర్తలిద్దరూ పోయారు. నర్సింహులు ఆ ఆసుపత్రి చూడడం అదే మొదలు. పిల్ల ఏ బల్ల మీద కూర్చునేది, ఏ కుర్చీలో పడుకునేది అని అడిగాడు. ఆగమ్మ చూపించింది. తర్వాత గుమాస్తా కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డారు. వాళ్ళ ముందు నలుగురు ఉన్నారు. హైమావతి వచ్చి పక్కన నిలబడింది. బొమ్మలు అప్పటికే గుమాస్తా బల్ల మీద, పాత వార్తాపత్రికలో చుట్టి ఉన్నాయి.

గుమాస్తా పేరు వెంకటరామయ్య. చెడ్డవాడు కాడు, పొద్దుటి నుంచి రాసి రాసి అలిసిన మనిషి. నంబరు వెతికి, కలం సిరాలో ముంచి, తల ఎత్తకుండానే అడిగాడు. "వైద్యం ఎందుకు ఆపేశారు? నయమైందా, ఊరు మారారా, ఇష్టం లేదా?"

ఆగమ్మ బల్ల మీది పొట్లం వైపు చూసింది.

"త్వరగా చెప్పమ్మా, వెనక జనం ఉన్నారు."

హైమావతి ముందుకు వంగింది. నర్సింహులు గొంతు సవరించుకున్నాడు. ఆగమ్మ అతడి చేయి పట్టుకుని ఆపింది. తను చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు, అప్పుడు అది ఇంకెవరి మాటో అవుతుంది. ఎనిమిది నెలలు మోసింది తను.

"సచ్చిపోయింది" అంది.

కలం ఆగింది. "పేరు?"

"సత్తెమ్మ."

"ఎప్పుడు?"

"శ్రావణంల. శుక్రారం పొద్దుగాల."

వెంకటరామయ్య ఈసారి తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకుని, నెమ్మదిగా రాశాడు. నర్సింహులు సంతకం పెట్టాడు. పత్రికలో చుట్టిన పొట్లం కిటికీలోంచి బయటికి వచ్చింది. ఆగమ్మ దాన్ని అందుకోబోయింది, చేతులు లేవలేదు. గోడకు జారగిలబడి నేల మీద కూర్చుండిపోయింది. శ్రావణం నుంచి ఎక్కడో ఆగిపోయిన నొప్పి అప్పుడు తెలిసింది. మొగుడి మొహంలోకి చూసి, అతడికి ఆ సంగతి ఇంకా తెలియనట్టు, "ఏమయ్యా, మన సత్తెమ్మ సచ్చిపోయిందయ్యా" అంది.

నర్సింహులు అప్పుడే వింటున్నట్టు విని, పొట్లం తను అందుకుని, ఆమె పక్కన నేల మీద కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.